మన పెద్దల గొంతులకు ఒక చోటు చూపండి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సాంస్కృతిక విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

1976 జనవరి 2న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ అమెరికన్ జానపద జీవన పరిరక్షణ చట్టం మీద సంతకం చేశారు. 2026తో దానికి యాభై ఏళ్లు నిండాయి. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్ ఏర్పడింది ఆ చట్టం వల్లనే. ఓడలు కట్టే చోట వడ్రంగిగా పనిచేసి, ఆ తర్వాత కార్మికుల పాటల మీద పరిశోధనకే జీవితాన్ని ఇచ్చిన ఆర్చీ గ్రీన్ ఏళ్ల తరబడి కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల చుట్టూ తిరిగి దాన్ని సాధించారు. జానపద జీవనానికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనాన్ని మీలో ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాలని కోరుతున్నాను. కుటుంబం, జాతి, వృత్తి, మతం, ప్రాంతం ఆధారంగా ఈ దేశంలో ఏర్పడిన సమూహాలు తమలో తాము పంచుకునే ఆచారం, నమ్మకం, పనితనం, భాష, సంగీతం, ఆట, నృత్యం, నాటకం, చేతిపని వంటివన్నీ అందులోకి వస్తాయని, ఇవి చాలావరకు ఎవరో బడిలో చెప్పగా కాక విని, చూసి, చేసి నేర్చుకునేవని ఆ చట్టం చెబుతుంది. అది ఇంగ్లీషు పాటలకే వర్తిస్తుందని అందులో ఎక్కడా లేదు. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఒక పార్కులో మన ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడే బతుకమ్మ పాటా, ఒహాయోలో ఒక అమ్మమ్మ మనవడికి పాడే లాలీ ఆ చట్టం మాట ప్రకారమే అమెరికా జానపద జీవనం.

అయినా నాకు తెలిసిన తెలుగు సంఘాల్లో ఈ పాటలను, వీటిని పాడేవాళ్ల మాటలను పద్ధతిగా రికార్డు చేసి, పదికాలాల పాటు నిలిచే చోట దాచే ఏర్పాటు నేను చూడలేదు. మహాసభలు జరుగుతాయి, సావనీర్లు అచ్చవుతాయి, వేదిక మీది కార్యక్రమాల వీడియోలు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతాయి. అవన్నీ అవసరమే. కానీ వేదిక మీద మూడు నిమిషాలు పాడి దిగిపోయిన మనిషిని ఈ పాట నీకు ఎవరు నేర్పారమ్మా, ఏ పని చేస్తూ పాడేవాళ్లు, ఇక్కడికి వచ్చాక ఎప్పుడు పాడుతున్నావు అని కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. అది అడిగి, జవాబును భద్రపరచమని వేడుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 1988 డిసెంబరులో మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు నాకు పురుడు పోయడానికి మా అమ్మ తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒహాయో వచ్చింది. అంతకుముందు ఆవిడ విమానం ఎక్కలేదు, మంచు చూడలేదు. ఆ చలికాలంలో వంటింటి బల్ల మీద టేప్‌రికార్డరు పెట్టి అమ్మ పాటలు రెండు క్యాసెట్ల నిండా పట్టుకున్నాను. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, నాట్ల పాటలు, లాలి పాటలు. దంపుళ్ల పాట దగ్గరికి వచ్చేసరికి రోకలి లేదు కాబట్టి సోఫా చేతి మీద అరచేత్తో దెబ్బ వేస్తూ పాడింది. ఆ దెబ్బ పడకపోతే తనకు తరువాతి మాట గుర్తుకు రాదని చెప్పింది. ఒక రాత్రి పిల్లవాడిని ఊపుతూ, కిటికీ వైపు చూసి, "వెన్నెలనుకోకురా నాన్నా, ఇది వేరే ఊరి మంచురా" అని తన లాలిలోకి కొత్త చరణం కట్టుకుంది. ఆ చరణం మా పల్లెలో పుట్టగలిగేది కాదు. తెలుగు తల్లి నోట, ఒహాయో చలిలో, ఆ కిటికీ దగ్గరే పుట్టవలసిన చరణం అది.

అమ్మ పోయిన కొన్నేళ్లకు ఆ క్యాసెట్లను సీడీలుగా మార్చమని ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్లు మంచి చేస్తున్నామనుకుని రికార్డింగును శుభ్రం చేశారు. పాటకూ పాటకూ మధ్య ఉన్న మాటలను ఖాళీ జాగా కింద లెక్కేసి కత్తిరించారు. సోఫా మీది దెబ్బలను చప్పుడు అనుకుని తగ్గించారు. అసలు క్యాసెట్లు ఏవని అడిగితే, పని అయిపోయింది కదా అని పారేశామన్నారు. ఇప్పుడు నా దగ్గర పాటలున్నాయి, ఆ దంపుళ్ల పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అమ్మ చెప్పిన నాలుగు నిమిషాల మాట లేదు. తన మేనత్త పేరు చెప్పిందని గుర్తుంది. ఆ మేనత్తకు ఎవరు నేర్పారో కూడా చెప్పింది, అది నాకు గుర్తు లేదు. ఏది ఉంచాలో ఆ దుకాణం వాళ్లకు నేను చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకే తెలియదు.

పాత రికార్డులను భద్రపరిచే ఆర్కైవ్‌లలో పనిచేసేవాళ్లకు అది తెలుసు. అసలు రికార్డింగు ఎలా ఉంటే అలాగే, గరగరతో సహా, పక్క గదిలోని మాటలతో సహా ముందు నకలు తీస్తారు. వినడానికి వీలుగా శుభ్రం చేసిన ప్రతిని వేరేగా ఉంచుతారు. మొదటి దాని జోలికి మళ్లీ వెళ్లరు. ఇది వాళ్లు వందేళ్లకు పైబడిన అనుభవంతో నేర్చుకున్న పాఠం. అమెరికాలో జానపదుల గొంతును యంత్రంలో పట్టుకునే పని 1890 మార్చిలో మొదలైంది. మేన్ రాష్ట్రంలోని కాలైస్ ఊళ్లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు ఎడిసన్ ఫోనోగ్రాఫు పెట్టి, పాసమక్వొడ్డి అనే ఆదివాసీ తెగవారి పాటలను, కథలను మైనపు సిలిండర్ల మీద ఎక్కించారు. ఒక్కో సిలిండరు మీద రెండు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు, విన్న ప్రతిసారీ సూది ఆ మైనాన్ని కాస్త కాస్త అరగదీసేది. వాటిలో 31 సిలిండర్లు ఈనాటికీ మిగిలాయి. 1928లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద గీతాల ఆర్కైవ్ పుట్టింది, రాబర్ట్ విన్స్‌లో గోర్డన్ దానికి తొలి అధిపతి. 1933లో జానపద గీతాల సేకర్త జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ కలిసి 315 పౌన్ల బరువున్న రికార్డింగు యంత్రాన్ని కారులో వేసుకుని దక్షిణాది జైళ్లకు వెళ్లారు. లూసియానాలోని అంగోలా జైలులో హడీ లెడ్‌బెటర్ పాట వాళ్ల చెవిన పడింది అప్పుడే. ఆ తర్వాత లెడ్ బెల్లీ పేరుతో లోకమంతా ఆయన్ను విన్నది.

మైనం బూజు పట్టింది, డిస్కుల మీది లక్క పూత పెచ్చులు లేచింది, అయస్కాంతపు టేపులో పూతను పట్టి ఉంచే జిగురు చెమ్మకు పాకం పట్టినట్టు అంటుకుపోయింది. ఒక్కో దానికి ఒక్కో చికిత్స కనిపెట్టుకుంటూ వచ్చారు. పగిలిపోయి సూది పెట్టడానికి వీలు లేని డిస్కులను తాకకుండానే, వాటి మీది సన్నని గాడులను ఫొటోలు తీసి, ఆ బొమ్మల నుంచి ధ్వనిని లెక్కగట్టి వినిపించే పద్ధతిని బర్కిలీలోని జాతీయ ప్రయోగశాల భౌతిక శాస్త్రవేత్తలు తయారుచేశారు. వర్జీనియాలోని కల్‌పెపర్‌లో ఒకప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కరెన్సీ నోట్లు దాచిన కట్టుదిట్టమైన భవనంలో 2007 నుంచి లైబ్రరీ తన ధ్వనులను, చిత్రాలను భద్రపరుస్తోంది. మన అల్మారాల్లో రబ్బరు బ్యాండు చుట్టి పడి ఉన్న క్యాసెట్లకు, నాలుగు ఫోన్ల కిందటి వాట్సాప్ ఆడియోలకు ఆ భాగ్యం ఎందుకు ఉండకూడదు?

తెలుగు పాట వాళ్లకు ఎందుకు అని కొందరు నన్ను అడిగారు. 1938 నుంచి 1940 వరకు సిడ్నీ రాబర్ట్‌సన్ కవెల్ అనే ఆవిడ ఉత్తర కాలిఫోర్నియాలో ఇల్లిల్లూ తిరిగి, అర్మేనియన్లు, పోర్చుగీసులు, నార్వేవాళ్లు, ఐస్‌లాండ్‌వాళ్లు ఇలా పన్నెండు భాషలవాళ్ల పాటలను 35 గంటల మేర రికార్డు చేశారు. పాడినవాళ్లు, వాయించినవాళ్లు కలిసి 185 మంది. వాళ్లలో చాలామంది మనలాగే సముద్రం దాటి వచ్చినవాళ్లు, లేదా వచ్చినవాళ్ల పిల్లలు. ఆ సేకరణకు పెట్టిన పేరులో ఉన్నది కాలిఫోర్నియా జానపద సంగీతం అనే మాటే. 1977లో ఫోక్‌లైఫ్ సెంటర్ తన తొలి రోజుల్లోనే షికాగో నగరంలోని ఇరవైకి పైగా వలస సమూహాల కళలను క్షేత్రంలో తిరిగి నమోదు చేసింది. ఈ దేశపు జానపద ఆర్కైవ్‌లో పరాయి భాష అనే అర మొదటి నుంచీ లేదు. మన అర నిండాలంటే మనమే తీసుకెళ్లి పెట్టాలి.

అయితే రికార్డు చేయడం ఒక్కటే చాలదు, ఎవరు రాసుకున్నారు, ఎలా రాశారు అన్నది కూడా అంతే ముఖ్యం. 1936 నుంచి 1938 వరకు ప్రభుత్వం రచయితలకు పని కల్పించిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు కింద, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధుల అనుభవాలను సేకరించారు. అంత విలువైన సేకరణ మరొకటి దొరకదు. కానీ అడగడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాది తెల్లవారు. వాళ్ల ముందు ఆ ముసలివాళ్లు అన్నీ చెప్పలేకపోయారు, చెప్పినదాన్ని కూడా ఎన్నోచోట్ల నల్లవారి మాట ఇలా ఉంటుందని తమకున్న ఊహ ప్రకారం వింత వింత అక్షరక్రమంతో రాసిపెట్టారు. అదే కాలంలో అలబామాలో పుట్టి ఫ్లారిడాలో పెరిగిన నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ తన వాళ్ల మధ్యకే వెళ్లి పాటలు సేకరించారు. పాట ఎలా నేర్చుకుంటారని 1939లో అడిగితే, పాడేవాళ్ల గుంపులో చేరి వింటానని, ఒకటి రెండు పదాలు కలుపుతానని, చివరికి మొత్తం తానే పాడగలిగేదాకా వాళ్లతో ఉంటానని చెప్పారు. ఆ మాటలు, రైలు పట్టాలు సరిచేసే కూలీల పాటలను ఆవిడే పాడి వినిపించిన గొంతు, రెండూ లైబ్రరీలో ఉన్నాయి.

ఇది మనకు నేరుగా వర్తించే విషయం. శ్రీకాకుళం అవ్వ మాటను, పాలమూరు పెద్దమ్మ మాటను, కడప తాత మాటను రాసేటప్పుడు పాఠ్యపుస్తకపు తెలుగులోకి దిద్దకండి. పాలమూరు పెద్దమ్మ "పోయినం" అంటే "పోయినం" అనే రాయండి. యాసను దిద్దిన క్షణంలోనే ఆ మనిషి ఊరు, ఇల్లు, వయసు చెరిగిపోతాయి. దాంతోపాటు ఇంగ్లీషులో చేసే వివరణ కూడా మనవాళ్లు దగ్గరుండి చూడాలి. నలుగు, అప్పగింతలు, ఉయ్యాల, సువ్వి, ఇవన్నీ వేర్వేరు సందర్భాలకు చెందిన పాటలని తెలియని ఉద్యోగి అన్నింటినీ పెళ్లి పాటలు అని ఒకే మాటతో నమోదు చేస్తే యాభై ఏళ్ల తర్వాత వెతికేవాళ్లకు ఏదీ దొరకదు.

ఇక ఎవరు వినవచ్చు అనే ప్రశ్న. పాసమక్వొడ్డివాళ్ల సిలిండర్లు దశాబ్దాల పాటు వాళ్లకు అందుబాటులో లేకుండా మ్యూజియంలో, తర్వాత లైబ్రరీలో ఉండిపోయాయి. ఇటీవలి కాలంలో లైబ్రరీ వాటిని మెరుగైన పద్ధతిలో డిజిటల్ చేసి ఆ తెగవారి చేతికి ఇచ్చింది. ఏ పాట బయటివాళ్లు వినవచ్చు, ఏది తమలోనే ఉండాలి, ప్రతి దాన్నీ తమ భాషలో ఏమని పిలవాలి అన్నది ఇప్పుడు వాళ్లే నిర్ణయిస్తున్నారు. 1979లో మొదలైన ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్టు కూడా ఇలాగే ఆదివాసుల పాటలను వాళ్ల ఊళ్లకు తిరిగి పంపింది. పరిశోధకురాలు ఆలిస్ ఫ్లెచర్‌తో కలిసి, స్వయంగా ఒమాహా తెగవాడైన ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పట్టుకున్న పాటల నకళ్లు 1983లో నెబ్రాస్కాలోని మేసీలో జరిగిన ఒమాహాల ఉత్సవంలో వాళ్ల మధ్యకు వచ్చాయి. తాతల గొంతును మనవలు తమ ఊరి మైదానంలో విన్నారు. మన ఇళ్లలోనూ అందరి ముందు పాడని పాటలున్నాయి. పెళ్లిలో ఆడవాళ్లు వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు కొన్ని, చావు దగ్గర ఏడుస్తూ పాడేవి కొన్ని. వాటిని రికార్డు చేయడానికి ఒప్పుకున్న పెద్దావిడ, నేను పోయాకే బయటపెట్టండి అంటే ఆ షరతును కాగితం మీద రాసి, ఆర్కైవ్‌కు అప్పగించి, పాటించేలా చూడాలి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి. అర్థం కాని ఇంగ్లీషు కాగితం మీద పెట్టించుకున్న సంతకాన్ని నేను అనుమతి అనలేను.

ఏమి రికార్డు చేయాలి అన్న దగ్గర మన ఊహ చాలా ఇరుకుగా ఉందని నాకు అనిపిస్తుంది. స్వచ్ఛమైన పల్లె పాట మాత్రమే పనికొస్తుందని, ఇక్కడ మారిపోయినది కల్తీ అని అనుకుంటాం. జానపదం తెలిసినవాళ్లు దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు. తంగేడు, గునుగు దొరకని ఊళ్లో బంతి, చామంతులతో బతుకమ్మను ఎలా పేర్చుకుంటున్నారు, చెరువు లేని చోట ఎక్కడ నిమజ్జనం చేస్తున్నారు, పార్కువాళ్ల అనుమతి ఎవరు తెస్తున్నారు, తెలుగు రాని కోడలు ఏ పదాలు అందుకుంటోంది, ఇవే ఈ దేశపు బతుకమ్మ చరిత్ర. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు ఎనభై దాటుతున్నారు. 1970లలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వర స్వామి గుడి లేవకముందు పండగ ఎవరి బేస్‌మెంట్‌లో చేసుకున్నారో, చింతపండు కోసం ఎన్ని మైళ్లు వెళ్లారో, ఇంటి నుంచి చావు కబురు ఎన్ని రోజులకు అందిందో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. వైటూకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరపు తేదీల చిక్కు కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసిన కాలంలో, వచ్చిన పిల్లల కథలు కూడా అంతే విలువైనవి. ఒకే గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మంది, ప్రాజెక్టు దొరక్క బెంచి మీద గడిపిన నెలలు, ఇంటర్వ్యూకు చేతులు మారిన ఒకే కోటు, హెచ్-1బి కాగితాల కోసం ఎదురుచూపులు. ఫోక్‌లైఫ్ సెంటర్ 2010 నుంచి వృత్తుల జానపదం మీద ప్రత్యేకంగా పనివాళ్ల మాటలు సేకరిస్తోంది. ఆ వరసలో మన సాఫ్ట్‌వేర్ పిల్లల మాటలకు ఎందుకు చోటుండదు?

దీంతోపాటు ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను. మన సంఘాలు రికార్డు చేయడం మొదలుపెడితే ముందు సంఘ పెద్దల, దాతల కుటుంబాలు వరస కడతాయి. వాళ్లనూ రికార్డు చేయండి. కానీ రెస్టారెంటు వంటింట్లో పనిచేసేవాళ్లు, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి కాపలా ఉండేవాళ్లు, పిల్లల్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే అమ్మలు, నాన్నలు, ఊళ్లో పాటే వృత్తిగా బతికిన కులాల నుంచి వచ్చినవాళ్లు, వీళ్ల దగ్గర ఉన్న పాట, మాట మన సావనీర్లలోకి ఇప్పటిదాకా రాలేదు. ఆరు నెలలకు తిరిగి వెళ్లిపోయే అమ్మలను ముందు రికార్డు చేయాలన్నది నా మనవి. మళ్లీ వస్తారో రారో ఎవరికీ తెలియదు.

పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. ఏసీ, ఫ్రిజ్ చప్పుడు వినిపించని గదిలో కూర్చోవాలి. ఫోన్‌తోనే చేస్తే దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, విడిగా ఒక మైకు తగిలించి, కుదించని వేవ్ ఫైలుగా, 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌లో పట్టుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ప్రతిని అసలు ప్రతిగా ఎప్పుడూ ఉంచుకోకూడదు, అది నాణ్యతను పిండేసి పంపుతుంది. మొదటి వాక్యంగా తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు, అడిగేవాళ్ల పేరు గొంతుతోనే చెప్పాలి. కాగితం పోయినా ఆ మాట ఫైలుతో ఉంటుంది. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఒక చిన్న గదితో మొదలైన స్టోరీకార్ప్స్, దగ్గరివాళ్లైన ఇద్దరు మనుషులను ఎదురెదురుగా నలభై నిమిషాలు మాట్లాడుకోనిచ్చే పద్ధతిని తెచ్చింది, ఆ మాటలు ఫోక్‌లైఫ్ సెంటర్‌కు చేరుతున్నాయి. మన ఇళ్లకు అంతకన్నా తగినది నాకు కనిపించలేదు. మనవరాలు అడగాలి, నాయనమ్మ చెప్పాలి. మనవరాలి తెలుగు తడబడినా ఫర్వాలేదు, ఆ తడబాటు కూడా రికార్డులో ఉండాల్సిందే.

ఎక్కడ దాచాలి అన్నదే అసలు సమస్య. మన కార్యవర్గాలు కొద్ది కాలానికే మారుతుంటాయి, పాత కార్యదర్శి ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు కొత్త కార్యదర్శికి అందదు. అందుకే సంఘమే ఆర్కైవ్ కావాలని నేను కోరడం లేదు. సంఘం సేకరించాలి, అప్పగించాలి. ఫోక్‌లైఫ్ సెంటర్ వచ్చిన ప్రతిదాన్నీ తీసుకోదు, ముందుగా వాళ్లతో మాట్లాడాలి. 2008లో మొదలై ఫిలడెల్ఫియా నుంచి పనిచేసే సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ కుటుంబాల దగ్గరి వస్తువులను డిజిటల్ చేసి అసలువి వాళ్లకే తిరిగి ఇస్తుంది. ఎన్నో రాష్ట్రాల్లో జానపద కళల కోసం ప్రభుత్వ విభాగాలున్నాయి, ఊరి విశ్వవిద్యాలయ లైబ్రరీలో ప్రత్యేక సేకరణల విభాగం ఉంటుంది. ప్రతి దానికి ఒక నకలు భారతదేశంలోనూ ఉండటం మంచిది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో స్థాపించి, గురుగ్రామ్‌లో నడుపుతున్న సంగీత ఆర్కైవ్, విదేశీ పరిశోధకులు మన దేశంలో పట్టుకున్న ధ్వనుల నకళ్లను మన దేశానికి తిరిగి తెచ్చేందుకే పుట్టింది. ఇక్కడ పుట్టిన తెలుగు పాట అటు వెళ్లడమూ న్యాయమే.

కాబట్టి రాబోయే కార్యవర్గ సమావేశంలోనే మూడు పనులకు తీర్మానం చేయమని కోరుతున్నాను. మహాసభల బడ్జెట్‌లో ఒక చిన్న భాగాన్ని రికార్డింగు పరికరాలకు, పాత క్యాసెట్లను సరైన చోట డిజిటల్ చేయించడానికి కేటాయించండి. ప్రతి నగర శాఖలోనూ ఒక మనిషిని దీనికోసమే నియమించి, సంఘం ఎన్నికలతో ఆ బాధ్యత మారకుండా చూడండి. మహాసభల ప్రాంగణంలో నగల దుకాణాల వరసలోనే ఒక నిశ్శబ్దమైన గది తీసుకుని, రెండు కుర్చీలు, ఒక మైకు పెట్టి, పెద్దవాళ్లను పిలవండి.

మా అమ్మతో పాటు అదే పల్లెలో పెరిగిన మా పిన్ని ఇప్పుడు సిన్సినాటిలో కూతురి దగ్గర ఉంటోంది. ఆవిడకు ఎనభై ఆరేళ్లు. అమ్మ పాడిన దంపుళ్ల పాట తనకూ వచ్చని మొన్న ఫోన్‌లో చెప్పింది. వచ్చే ఆదివారం మా పెద్దబ్బాయిని వెంటబెట్టుకుని వెళుతున్నాను. ఆ మంచుకాలంలో పుట్టినవాడే అడుగుతాడు, పిన్ని చెబుతుంది. దెబ్బ వేయడానికి ఒక చెక్క పీట కూడా తీసుకెళుతున్నాం. ఆ రికార్డింగును, తెలుగులో రాసిన అనుమతి పత్రాన్ని ఈ పని మొదలుపెట్టిన మొదటి సంఘానికి అందజేస్తాను.

ఇట్లు,
ఒహాయోలో నలభై ఏళ్లుగా ఉంటున్న ఒక తెలుగు గృహిణి